పన్ను తీసిన గుంట: లవంగ నూనె, వుజూ

పన్ను తీయించుకున్న గుంటలో లవంగ నూనె వేస్తే మాను పడుతుందని మన ఇళ్లలో నమ్మకం. లవంగంలోని యూజినాల్ నొప్పిని మొద్దుబారుస్తుంది, నిజమే. మూడో రోజున గుంట పొడిబారి నొప్పి చెవి వరకు లాగితే దంతవైద్యులు అందులో పెట్టే మందులోనూ తరచుగా అదే ఉంటుంది. అయితే చిక్కని నూనెను ఇంట్లో నేరుగా పోస్తే పచ్చిపుండు కమిలిపోతుంది. గుంటలో పేరుకున్న రక్తపు గడ్డే అల్లాహ్ అమర్చిన తొలి పట్టీ.

నమాజీలకు చిక్కు ఇక్కడే. వుజూలో గట్టిగా పుక్కిలిస్తే ఆ గడ్డ ఊడిపోవచ్చు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం వుజూలో పుక్కిలించడం సున్నత్, ఫర్జ్ కాదు. వైద్యుడు వారిస్తే విడిచినా వుజూ చెల్లుతుంది. గుస్ల్‌లో మాత్రం అది ఫర్జ్. నోటినిండా నీరు తీసుకుని, ఉమ్మక, తల వంచి మెల్లగా జారవిడవండి. మిస్వాక్‌ను కొన్నాళ్లు ఆ వైపు సోకనీయకండి.