ఊరు మారితే తుపాకి మారుతుందా?

మన పల్లెల్లో ఒక మాట దండిగా వినపడతా ఉండాది. "ఇంక ఈ ఊర్లో బతకలేం. బెంగళూరికో, వేలూరికో, తిరుప్పూరికో పోదాం పదండి" అని. కూలి కోసం పోయేవాళ్లు కొందరు. భయంతో పోయేవాళ్లు కొందరు. కూలి కోసం పోయేవాడు అక్కడ రోజుకి ఎంతిస్తారని అడుగుతాడు. భయంతో పోయేవాడు అడిగేది వేరే. అక్కడి పెద్దోళ్లు ఎట్లాంటోళ్లు? వాళ్ల ఇండ్లల్లో తుపాకులుంటాయా? నడిరాత్రి తలుపు తడితే దిక్కెవరు?

ఈ ప్రశ్నల్ని పిరికితనం కింద కొట్టేసేవాళ్లు ఉండారు. వాళ్లు దళితవాడలో ఒక్క రాత్రి కూడా నిద్ర కాచినోళ్లు కాదు. ప్రశ్న సరైందే. దానికి జవాబు మనం కలిసి వెతుక్కోవాల.

తుపాకి పేలితేనే పనిచేసినట్టు అనుకుంటారు చానామంది. మన ఊర్లల్లో పెత్తందారు ఇంట్లో గోడకు తగిలించిన తుపాకి ఏండ్ల తరబడి ఒక్క గుండు కూడా కాల్చి ఉండదు. అయినా అది దినామూ పనిచేస్తానే ఉంటాది. కూలి పెంచమని అడగబోయినవాడి గొంతులో మాట ఆపేది అదే. మన డీకేటీ పట్టా భూమిలోకి గట్టు జరిపినప్పుడు మనల్ని గమ్మునుండేట్టు చేసేది అదే. ఎలక్షన్లు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పమంటారు. ఎందుకు? ఓటు వేసే దినాన తుపాకి భయపెడుతుందని సర్కారే ఒప్పుకున్నట్టు కదా! మరి ఓటు వేసిన మరుసటి దినం నించి అయిదేండ్లు అది భయపెట్టదా? ఈ ప్రశ్న అడిగే అధికారి ఒక్కడూ కనపళ్లేదు.

తుపాకి వాళ్లింటికి ఎట్లొచ్చింది? తెల్లోళ్లు 1878లో ఒక ఆయుధాల చట్టం చేసిరి. దేశంలోని జనం ఆయుధం పెట్టుకోవాలంటే లైసెన్సు కావాల, తెల్లోళ్లకు అక్కర్లేదు. లైసెన్సు దొరికింది సర్కారుకి నమ్మకస్తులైన భూస్వాములకి. స్వతంత్రం వచ్చినాక 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చె. దాని 13వ సెక్షను ఏమంటాదంటే, పంటను కాపాడుకోను నిజంగా అవసరం ఉన్నోడికి మందు దట్టించి కాల్చే తుపాకికి లైసెన్సు ఇవ్వాల అంటాది. వినేదానికి న్యాయంగానే ఉండాది. కానీ పంట అంటే భూమి. భూమి ఎవడి చేతిలో ఉంటే తుపాకి కూడా వాడి చేతికే పోతాది. పలమనేరు, కుప్పం పక్క అడివి అంచున ఉండే డీకేటీ చెక్కల్లోకే కదా పందులూ ఏనుగులూ మొదట దిగేది? పంట పోయేది మనది, పంట పేరు చెప్పి తుపాకి తెచ్చుకునేది వాళ్లు. మనోడు ఆకలికో, పంట కాపలాకో నాటు తుపాకి పట్టుకుంటే వాడు నేరస్తుడు. అడివిశాఖ కేసు, పోలీసు కేసు, జైలు. 2019లో చట్టాన్ని సవరించి ఆ శిక్షల్ని ఇంకా పెంచిరి.

అదే చట్టంలో మనకు ఎవరూ చదివి చెప్పని మాట ఒకటుండాది. 14వ సెక్షను రెండో భాగం. ఆస్తి చాలినంత లేదనే ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు కాదనకూడదు. కాదంటే కారణం కాగితం మీద రాయాల. దానిమీద అప్పీలు కూడా చేసుకోవచ్చు. రాతలో ఇంత సమానం! నడవడికలో మాత్రం దగ్గరి పోలీసు స్టేషన్ నించి రిపోర్టు పోవాల. ఆ స్టేషన్లో పెత్తందారుకి కుర్చీ వేస్తారు, మనల్ని వేపచెట్టు కింద నిలబెడతారు. రిపోర్టు ఎట్లుంటాదో వేరే చెప్పాలా?

సరే, రాష్ట్రం దాటుదాం. అక్కడ వేరేగా ఉండాదా?

ఆయుధాల చట్టం ఢిల్లీ చట్టం. చిత్తూరులో ఏ పుస్తకమో వేలూరులోనూ అదే, కోలారులోనూ అదే. లైసెన్సు ఉన్నోడు తుపాకితో సహా ఊరు మారితే కొత్త చోటి అధికారికి ఎరిక చేయాల. అంటే తుపాకి ఉన్నోడు ఊరు మారేదానికి కూడా ఒక పద్ధతి రాసిపెట్టినారు. ప్రాణభయంతో మూట నెత్తిన పెట్టుకుని ఊరిడిసిపోయిన మాదిగోడి పేరు, మాలోడి పేరు రాసుకునే రిజిస్టరు ఏ ఆఫీసులో ఉండాది?

చట్టం ఒకటే. మారేది దాన్ని చూసే కండ్లు. తమిళనాడుకి పోతే బాగుంటాదంటారు. 1968 డిసెంబరు 25 రాత్రి ఆ రాష్ట్రంలోని తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమని అడిగిన దళితుల మీదికి భూస్వాముల మనుషులు తుపాకులతో వచ్చిరి. ఒక గుడిసెలో దాక్కున్న 44 మంది కాలిపోయిరి, చానామంది ఆడోళ్లూ పిల్లలే. పెద్ద ముద్దాయిలు చివరికి హైకోర్టులో విడుదలైరి. కర్ణాటకకి పోదామా? మదనపల్లెకి అవతల, మనలాగే తెలుగు మాట్లాడే చింతామణి తాలూకా కంబాలపల్లిలో 2000 మార్చి 11న ఏడుగురు దళితుల్ని ఇంట్లో పెట్టి కాల్చేసిరి. అక్కడ తుపాకి కూడా అక్కర్లేకపాయె. బయట గడి పెట్టేదానికి ఒక చెయ్యి, ఒక అగ్గిపుల్ల చాలింది. 2006లో ముద్దాయిలందరూ విడుదల. 2014లో హైకోర్టు కూడా అదే మాట అనె. బీహారు లక్ష్మణ్‌పూర్ బాథేలో 1997 డిసెంబరు 1న రణవీర్ సేన తుపాకులతో 58 మందిని చంపె. 2013లో హైకోర్టు అందర్నీ వదిలిపెట్టె. ఒక చోట తుపాకి, ఒక చోట కిరసనాయిలు, మన కారంచేడు, చుండూరుల్లో గొడ్డళ్లు, బరిసెలు. ఆయుధం ఏదైతేనేం? పట్టుకున్న చెయ్యి ఒకటే, దాన్ని కాపాడిన నీడ ఒకటే.

కర్ణాటకలోనే కొడగు జిల్లా ఉండాది. అక్కడ కొడవ జాతిలో పుట్టినోళ్లకి, జమ్మా భూములున్నోళ్లకి తుపాకి లైసెన్సే అక్కర్లేదు. తెల్లోళ్ల కాలం నించి వస్తున్న మినహాయింపు ఇది. 1963లో మన సర్కారు కొనసాగించె, 2019లో ఇంకో పదేండ్లు పెంచె. 2021లో కర్ణాటక హైకోర్టు అది సరే అనె. పుట్టుకను బట్టి, భూమిని బట్టి తుపాకి హక్కు! ఆ కాఫీ తోటల్లో తరతరాలుగా చాకిరీ చేసిన యెరవ గిరిజనులకి ఆ మినహాయింపు లేదు. కొడవలు మంచోళ్లా చెడ్డోళ్లా అన్నది మన తగువు కాదు. పుట్టుకే అర్హత అయినప్పుడు కిందోడి చేతికి ఏదీ రాదు, అదీ సంగతి. అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో ఈ లెక్క తేల్చి చెప్పినాడు. ఈ దేశంలో కిందోళ్లు ఎందుకు తిరగబడలేదంటే వాళ్లకి ఆయుధమూ చదువూ రెండూ లేకుండా చాతుర్వర్ణం కట్టడి చేసింది కాబట్టి అని.

రాష్ట్రం దాటి మన దిక్కుకి వచ్చినోళ్లకి ఏం జరిగిందో కూడా చూడాల. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గర శేషాచలం అడివిలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్సు పోలీసులు 20 మంది తమిళ కూలీల్ని కాల్చి చంపిరి. జవ్వాది కొండల గిరిజనులు వాళ్లలో ఉండారు. కొండెక్కి చెట్టు నరికేవాడి చేతికి వచ్చేది కూలి డబ్బులు. దుంగను ఓడకెక్కించేవాడికి వచ్చేది కోట్లు. గుండు ఎవరికి తగిలింది? పక్క రాష్ట్రం నించి వచ్చినోడు కాబట్టి అడిగేవాడు లేడనుకునిరి. రేపు మనోడు పక్క రాష్ట్రంలో అట్లాంటి చోట నిలబడితే వాడి గతి ఏంది? వలసపోయినోడికి ఊరి తుపాకి తప్పిపోవచ్చు, సర్కారు తుపాకి తప్పదు.

చదువుకున్న మన పిల్లలు కొందరు అమెరికాకి కూడా పోతా ఉండారు. అక్కడ రాష్ట్రానికో చట్టం. టెక్సాస్‌లో 2021 నించి పెద్దోళ్లు లైసెన్సు లేకుండానే పిస్తోలు పెట్టుకుని తిరగొచ్చు, న్యూజెర్సీలో పర్మిట్ కావాల. కాన్సాస్ రాష్ట్రంలో 2017 ఫిబ్రవరి 22న మన హైదరాబాదు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక తెల్లోడు 'మా దేశం నించి పో' అని కాల్చి చంపె. ఆయన కులం అక్కడ ఆయన్ని కాపాడలా. ఒంటి రంగు చూసి కాల్చినాడు.

ఆ దేశంలో నల్లజాతి వాళ్ల చరిత్ర మనకు పాఠం. బానిసత్వం పోగానే 1865లో మిసిసిపీ రాష్ట్రం నల్లోళ్లు తుపాకి పెట్టుకోకూడదని చట్టం చేసె. 1956లో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేసిరి. ఆయన పిస్తోలు లైసెన్సు అడిగితే అక్కడి అధికారులు కాదనిరి. 1967లో బ్లాక్ పాంథర్లు చట్టప్రకారమే తుపాకులు పట్టుకుని తిరిగితే, కాలిఫోర్నియా సర్కారు హడావుడిగా ఆ చట్టాన్నే మార్చేసె. ఆ పాంథర్ల పేరు పెట్టుకునే 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ పుట్టింది. నీతి ఏంది? తుపాకి హక్కు అందరిదీ అంటారు. కిందోడు చెయ్యి చాపేసరికి ఆ హక్కు మాయమవుతాది.

"అయితే మనమూ తుపాకులు తెచ్చుకుందాం" అని మన కుర్రోళ్లు అడుగుతా ఉండారు. ఆ కోపం న్యాయమైందే. చట్టం కూడా ఆ దోవ మూయలేదు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో నియమాలు వచ్చినాయి. మూడో నియమం చదవండి. దౌర్జన్యం జరగొచ్చనుకున్న ప్రాంతాన్ని సర్కారు గుర్తించాల. అవసరమైతే అక్కడ దళితులు, గిరిజనులు కానివాళ్ల తుపాకి లైసెన్సుల్ని, వాళ్ల దగ్గరి బంధువుల, పనోళ్ల లైసెన్సుల్ని కూడా రద్దు చేసి, తుపాకుల్ని సర్కారు ఆయుధాగారంలో పెట్టించాల. దొంగ తుపాకుల్ని పట్టుకోవాల. అవసరమైతే దళితులకి, గిరిజనులకి ఆయుధ లైసెన్సు ఇవ్వాల. వరస చూడండి. ముందు వాళ్లది తీసుకో, ఆ తర్వాత వీళ్లకివ్వు.

మన ఉద్యమం కూడా ఆ వరసనే పట్టుకోవాలని నా మాట. అరవై ఇండ్ల పేటలో ఒక్క తుపాకి వస్తే అది ఎవరింట్లో పెడతారు? తూటాలకి డబ్బెక్కడిది? తాగి ఇంటికొచ్చిన మొగోడి చేతికి అది చిక్కితే మన ఆడబిడ్డ గతేంది? గొడవ జరిగిన దినాన మన తుపాకి పేలకపోయినా, "వాళ్ల దగ్గర ఆయుధం ఉండాది" అని మన మీదే కౌంటరు కేసు కడతారు. 2015 నవంబరు 17న చిత్తూరు మేయర్ కటారి అనురాధని కార్పొరేషన్ ఆఫీసులోనే కాల్చి చంపిరి. పదవీ ఆఫీసూ అన్నీ ఉన్న చోటే కాపాడలేనిది గుడిసెలో కాపాడుతుందా?

అట్లని హక్కును వదులుకోమని కాదు. ప్రాణభయం ఉన్న చోట అర్జీ పెట్టాల్సిందే. ఇస్తే ఏం చేయాల, ఎవరు దాచాల అన్నది పేట అంతా కూర్చుని, ఆడోళ్ల మాట కూడా విని తేల్చుకోవాల. కాదంటే కారణం కాగితం మీద రాయించుకోవాల. "మీకు ప్రాణభయం లేదు" అని అధికారి సంతకం పెట్టిన కాగితం రేపు దాడి జరిగిన దినాన ఆయన మెడకే చుట్టుకుంటాది.

సంఘం వాళ్లు ఇప్పుడు చేయాల్సిన పనులు ఇవి. ఒకటి, సమాచార హక్కు కింద మీ మండలంలో ఎన్ని తుపాకి లైసెన్సులున్నాయో, వాటిలో ఎస్సీ, ఎస్టీలకి ఎన్నో కలెక్టరాఫీసులో అడగండి. రెండు, బెదిరింపు ఉన్న ఊరిని గుర్తించిన ప్రాంతంగా ప్రకటించమని అర్జీ పెట్టండి. మూడు, జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కలెక్టరు అధ్యక్షతన కూర్చోవాల. పెత్తందారు లైసెన్సు రద్దు సంగతి అక్కడ మినిట్స్‌లోకి ఎక్కించండి.

ఇంక ఊరిడిసిపోయే మాట. దళితుణ్ణి ఇల్లూ ఊరూ విడిచిపోయేట్టు చేయడం ఆ చట్టంలోనే నేరం. అంతే కాదు, దౌర్జన్యం చేస్తాడనుకున్నవాణ్ణి ఆ ప్రాంతం నించి బయటికి పంపే అధికారం 10వ సెక్షను కింద ప్రత్యేక కోర్టుకి ఉండాది. మూట కట్టాల్సింది మనమా, వాడా? ఇదీ మనం అడగాల్సిన ప్రశ్న.

కూలికోసం, చదువుకోసం పోయేవాళ్లు పోండి. ఎవరూ అడ్డం లేదు. ఒకటి గుర్తుంచుకోండి. రాష్ట్రం దాటితే మీ రిజర్వేషన్ మీతో రాదని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పె. కానీ అత్యాచారాల చట్టం రక్షణ దేశంలో యాడున్నా మీకుంటాదని 2023లో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచి చెప్పె. కులపత్రం మూటలో పెట్టుకోండి. అక్కడి దళిత సంఘం చిరునామా జేబులో పెట్టుకోండి. తుపాకులు లేని ఊరు వెతుక్కుంటా పోతే ఈ దేశం చివరిదాకా నడవాల్సిందే. తుపాకి ఉన్నోడు మనల్ని చూసి ఆగేట్టు చేసేది సంఘం. అది ఉండే ఊరే మన ఊరు.

జై భీమ్!