తెలిసిన పేపర్ వస్తేనే గెలుస్తామా?

2027 మొదట్లో ఆస్ట్రేలియా ఐదు టెస్టులు ఆడటానికి మన దేశానికి వస్తోంది. బోర్డర్-గావస్కర్ ట్రోఫీ ఇప్పుడు వాళ్ల చేతిలోనే ఉంది. 2024-25లో 3-1తో గెలిచి పదేళ్ల తర్వాత దాన్ని దక్కించుకున్నారు. అయితే వాళ్లకూ ఒక బాకీ మిగిలిపోయింది. 2004 తర్వాత ఆస్ట్రేలియా మన గడ్డ మీద టెస్టు సిరీస్ గెలవలేదు. ఈ ట్రోఫీ కోసం ఇక్కడ ఐదు టెస్టులు జరగడం కూడా ఇదే మొదటిసారి.

ఉద్యోగాల పేజీలో క్రికెట్ గోల ఏమిటని మీరు అడగొచ్చు. రేపు ఏ గ్రూప్ డిస్కషన్‌లోనో ఈ టాపిక్ రావచ్చన్నది చిన్న కారణం. అసలు కారణం వేరే ఉంది. ఈ సిరీస్‌కు మన బోర్డు ఎలాంటి పిచ్‌లు తయారు చేయిస్తుందన్న ప్రశ్న, మీరు పరీక్షకు ఎలా చదువుతున్నారన్న ప్రశ్నకు చాలా దగ్గరది.

కొంచెం వెనక్కి వెళ్దాం. భారత్, ఆస్ట్రేలియా టెస్టులు 1947-48లోనే మొదలయ్యాయి. బ్రాడ్‌మన్ జట్టు చేతిలో మనం 4-0తో ఓడిపోయాం. టెస్టుల్లో పదివేల పరుగులు దాటిన మొదటి ఇద్దరు గావస్కర్, బోర్డర్. వాళ్ల పేర్లతో ట్రోఫీ 1996లో వచ్చింది. దానికి ఇంత పేరు తెచ్చింది మాత్రం 2001 కోల్‌కతా టెస్టే. వరుసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా అక్కడ 445 చేసింది. మనం 171కే కుప్పకూలి ఫాలో ఆన్ ఆడాం. మొదటి ఇన్నింగ్స్‌లో 59 చేసి చివరి వికెట్‌గా వెనుదిరిగిన హైదరాబాదీ లక్ష్మణ్‌ను రెండోసారి మూడో నంబర్‌లో పంపారు. 281 కొట్టాడు. ద్రవిడ్ 180. నాలుగో రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడలేదు. చివరికి 171 పరుగులతో మనమే గెలిచాం.

ఈ కథ మీకు తెలిసిందే. అందులో జనం పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. అది మన స్పిన్నర్ల కోసం తవ్విపెట్టిన పిచ్ కాదు. ఒక జట్టు 445, ఇంకో జట్టు 657 చేసిన పిచ్. హర్భజన్ ఆ మ్యాచ్‌లో 13 వికెట్లు తీసిందీ ఆ పిచ్ మీదే. బ్యాట్స్‌మన్‌కీ బౌలర్‌కీ సమానంగా పనిపెట్టిన చోట మనం గెలిచాం.

తర్వాత మనకో అలవాటు పట్టుకుంది. ప్రత్యర్థి రాగానే మొదటి రోజు నుంచే గిర్రున తిరిగే పిచ్ వేయడం. 2017లో పుణేలో అదే చేస్తే, అప్పటిదాకా ఎవరూ పెద్దగా లెక్కచేయని ఒకీఫ్ 12 వికెట్లు తీశాడు. మనం 105, 107కి ఆలౌట్. 2023లో ఇందోర్‌లోనూ అదే తంతు. కునెమన్ ఒక ఇన్నింగ్స్‌లో ఐదు, లయన్ రెండో దాంట్లో ఎనిమిది తీస్తే ఆస్ట్రేలియా తొమ్మిది వికెట్లతో గెలిచింది. ఆ రెండు సిరీస్‌లూ మనమే గెలిచాం కాబట్టి ఎవరూ గట్టిగా అడగలేదు.

2024లో అడగక తప్పలేదు. న్యూజిలాండ్ వచ్చి 3-0తో ఊడ్చేసింది. సొంతగడ్డపై వరుసగా గెలిచిన 18 సిరీస్‌ల రికార్డు అక్కడితో ఆగిపోయింది. పుణేలో శాంట్నర్ 13 వికెట్లు, ముంబైలో అజాజ్ పటేల్ 11. ముంబైలో 147 కొట్టలేక 121కి చాప చుట్టేశాం. ఏడాది తిరిగేసరికి దక్షిణాఫ్రికా వచ్చింది. కోల్‌కతాలో 124 లక్ష్యం ముందుంటే 93కే అయిపోయాం. గువాహటిలో 408 పరుగుల తేడాతో ఓటమి. 2-0.

స్పిన్ ఆడటం మన ఇంటి విద్య అనుకున్నాం. అందుకే వచ్చినవాడిని ఆ సబ్జెక్టులోనే పరీక్ష పెట్టి ఓడించాలనుకున్నాం. తీరా చూస్తే అదే సబ్జెక్టులో మనమే వీక్. గత పదేళ్ల పేపర్లు తిరగేసి, 'ఇవే వస్తాయి' అని గీతలు గీసుకుని, మిగతా సిలబస్ వదిలేసిన కుర్రాడు గుర్తొస్తే తప్పు నాది కాదు. ఆ పద్ధతి కొన్నాళ్లు పనిచేస్తుంది. ఒకసారి పేపర్ సెట్ చేసినవాడు మారాక ఎందుకు ఫెయిలయ్యామో కూడా అర్థం కాదు.

ఇక మనవాళ్ల సంగతి. ఈ పోరులో తెలుగు కుర్రాళ్ల వాటా చిన్నదేం కాదు. 2021 సిడ్నీలో హనుమ విహారి తొడ కండరం దెబ్బతిన్నా 161 బంతులు ఆడి టెస్టును డ్రా చేశాడు. చేసింది 23 పరుగులే. ఆ సిరీస్‌ను గెలిచామంటే ఆ సాయంత్రం వల్ల కూడా. అయినా ఆ తర్వాత అతనికి దొరికింది నాలుగే టెస్టులు. 2022 జులై తర్వాత మళ్లీ పిలుపు లేదు. కష్టానికి తగిన ఫలితం వస్తుందని మీకు చెప్పేవాళ్లు ఈ కథ ఎందుకో చెప్పరు.

అదే టూర్‌లో నాన్న చనిపోయినా అక్కడే ఉండిపోయిన సిరాజ్, గబ్బాలో ఐదు వికెట్లు తీశాడు. తర్వాత తెలంగాణ ప్రభుత్వం అతనికి డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. గ్రూప్-1 కోసం ఏళ్ల తరబడి రూమ్‌లో చదువుతున్న మీలో కొందరికి ఆ వార్త కాస్త చురుక్కుమని ఉంటుంది. సహజమే.

2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి ఎనిమిదో నంబర్‌లో దిగి 114 కొట్టాడు. అతను 99 మీద ఉండగా తొమ్మిదో వికెట్ పడింది. సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకున్నాడు. ఆ మూడు బంతులకు స్కోరుబోర్డులో విలువ లేదు. నితీశ్ తండ్రి కొడుకు కోసం ఉద్యోగం మానేశారన్న కథ అప్పుడు ఊరూరా తిరిగింది. గొప్ప కథే, కాదనను. కానీ దాన్ని చూసి మీ ఇంట్లో ఎవరినీ ఉద్యోగం మానమనకండి. అలా మానేసి, పిల్లవాడు జిల్లా జట్టు దాటని ఇళ్లు చాలా ఉంటాయి. వాళ్ల గురించి ఏ చానెలూ చెప్పదు.

వచ్చే సిరీస్‌లో ఎవరిది పైచేయి? రోహిత్, కోహ్లి, అశ్విన్, పుజారా టెస్టుల నుంచి తప్పుకున్నారు. గిల్ జట్టు ఇంగ్లండ్‌లో 2-2 చేసి తన సత్తా చూపింది. ఓవల్‌లో సిరాజ్ ఆరు పరుగుల తేడాతో మ్యాచ్ లాక్కొచ్చాడు. కానీ ఇంట్లో అదే జట్టుకు కాళ్లు వణికాయి. ఆస్ట్రేలియా వయసు మీదపడిన జట్టు. అప్పటికి స్మిత్‌కు 37, లయన్‌కు 39. ఖవాజా ఇప్పటికే తప్పుకున్నాడు. మామూలుగా చూస్తే మనకే మొగ్గు. అయితే దుమ్ము లేచే పిచ్‌లు వేస్తే మాత్రం ఆ మొగ్గును మనమే చెరిపేసుకున్నట్టు. అలాంటి చోట ఒకీఫ్, కునెమన్ లాంటి మామూలు బౌలర్ కూడా బుమ్రాతో సమానమైపోతాడు. 2024-25లో ఆస్ట్రేలియా పిచ్‌లపై 32 వికెట్లు తీసిన బుమ్రా మన దగ్గర ఉన్నాడు. అతని చేతిలోంచి బంతి లాక్కుని స్పిన్నర్లకు ఇచ్చే పిచ్ ఎందుకు వేయాలి?

కాస్త గడ్డి ఉండి, మూడో రోజు నుంచి తిరిగే వికెట్ వేస్తే ఇంకో లాభం కూడా ఉంది. పేస్ వేయగల ఆల్‌రౌండర్‌కు తుది జట్టులో చోటు దొరుకుతుంది. లేదంటే మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టిన కుర్రాడు ఇక్కడ డ్రింక్స్ మోస్తూ కనిపించినా ఆశ్చర్యపోవద్దు. స్పిన్నర్లు నలుగురుంటే మీడియం పేసర్‌తో పనేముంటుంది? ఆ నిర్ణయం సిరీస్ ముందు రోజు జరగదు. రంజీ మ్యాచ్‌లకు ఎలాంటి వికెట్లు ఇస్తున్నారో చూడండి, అక్కడే తెలిసిపోతుంది.