బోనంటే బెదిరే కుక్కపిల్ల

ప్రశ్న: మా ఇంట్లో పది వారాల కుక్కపిల్ల ఉంది. రాత్రిళ్లు ఇల్లంతా పాడుచేస్తోందని మావారు ఇనపబోను కొన్నారు. అందులో పెట్టి తలుపు వేస్తే చాలు, తెల్లవార్లూ ఏడుపే. ఇరుగుపొరుగువాళ్లకు నిద్ర లేదు. నాలుగు రోజులు ఏడవనిస్తే అదే అలవాటు పడుతుందని ఒకరు చెప్పారు. మొన్న సాయంత్రం మా ఏడేళ్ల బాబు దాన్ని బోనులోకి నెట్టబోతే చెయ్యి కొరికింది. పన్ను దిగి కొంచెం రక్తం వచ్చింది. పసుపు పెట్టాం. కుక్కపిల్లే కదా, సూదులు అవసరమా? దీనికి బోను అలవాటు చేయడం ఎలా?
- ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, ఇది అచ్చయి మీ చేతికి వచ్చేదాకా ఆగడం మంచిది కాదని, బాబును వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లమని పత్రికవారి ద్వారా మీకు ముందే కబురు పంపాను. ఇలాంటి చిక్కు చాలా ఇళ్లలో వస్తుంది కనుక మిగతా పాఠకుల కోసం వివరంగా రాస్తున్నాను.

ముందు కాటు సంగతి. రేబిస్ సోకిన కుక్క చొంగలో ఆ క్రిమి ఉంటుంది. దానికి కుక్క వయసుతో పని లేదు. మీ ఇంటికి రాకముందు ఆ పిల్లను ఏ వెర్రికుక్కయినా కరిచిందో లేదో మీకు తెలియదు. పైగా కుక్కపిల్లలకు రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలు నిండాకే వేస్తారు. అంటే మీ పిల్లకు ఆ రక్షణ ఇంకా లేదన్నమాట. ఈ జబ్బు లక్షణాలు పైకి కనిపించాక మనిషి బతకడం అత్యంత అరుదు. సకాలంలో పూర్తి వైద్యం జరిగితే జబ్బు రాకుండా ఆపవచ్చు. అందుకే "కుక్కపిల్లే కదా" అని ఊరుకోకూడదు.

ఏ కుక్క కరిచినా గాయాన్ని కుళాయి ధార కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి మరీ కడగండి. ఆ తరువాత అయొడిన్ మందు రాయండి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి వంటివి ఏవీ పెట్టవద్దు. అప్పుడు కడగకపోతే ఆలస్యమైనా సరే కడగండి.

పన్ను దిగి రక్తం వస్తే అది మూడో తరగతి గాయం. దానికి టీకాతో పాటు గాయంలోను, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కించాలి. టీకా పని మొదలుపెట్టేలోగా క్రిమిని అక్కడే అడ్డుకునేది అదే. మొదటి టీకా వేసిన రోజును సున్నా అనుకుంటే, చర్మంలోకి వేసే పద్ధతిలో 3, 7, 28 రోజులకు మళ్లీ వెళ్లాలి. కండకు వేసే పద్ధతిలో 14వ రోజున కూడా వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా కొందరిలో ఉంది. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత మందు 2005 నుంచి మన దేశంలో వాడుకలో లేదు. ఇప్పుడు మీ బాబు వయసు పిల్లలకు భుజానికే వేస్తారు.

కుక్కను పదిరోజులు కనిపెట్టి చూడమనే మాట నిజమే. కాని చూస్తూ టీకా ఆపమని దాని అర్థం కాదు. టీకా మొదలుపెట్టే చూడాలి. పదిరోజుల తరువాత కూడా అది ఆరోగ్యంగా ఉంటే మిగతా సూదుల సంగతి డాక్టరు నిర్ణయిస్తారు.

ఇక బోను. మొన్నటిదాకా తల్లి పొట్టకు ఆనుకుని, తోబుట్టువుల మధ్య పడుకున్న పిల్ల అది. దాని ఏడుపు మొండితనం కాదు, భయం. భయపడిన ప్రాణిని నెడితే కొరుకుతుంది. కనుక మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే: బలవంతం.

బోను అది లేచి నిలబడి, ఒక్కసారి తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత ఉండాలి. అడుగున పాత దుప్పటి పరవండి. మొదటి నాలుగు రోజులు తలుపు వేయనే వద్దు. అన్నం గిన్నె గుమ్మం దగ్గర పెట్టి, పూటపూటకూ కాస్త లోపలికి జరపండి. దానంతట అదే వెళ్లి తింటున్నప్పుడు తలుపు అర నిమిషం వేసి, ఏడవకముందే తీయండి. అర నిమిషం రెండు నిమిషాలు కావాలి, రెండు పది కావాలి. తొందరపడితే మళ్లీ మొదటికే వస్తుంది.

రాత్రి బోనును మీ మంచం పక్కనే ఉంచండి. ఈ వయసు పిల్ల రెండుమూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. మధ్యలో లేచి ఏడిస్తే బయటికి తీసుకెళ్లి, ఆటలాడకుండా మళ్లీ పడుకోబెట్టండి. తప్పు చేసిందని బోనులో వేయడం, ఎండలో మేడమీద ఇనపబోనులో ఉంచడం ఎప్పుడూ చేయవద్దు. కుక్క ప్రధానంగా వగర్చే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. వేడెక్కిన ఇనపబోనులో అదీ సాగదు, వడదెబ్బకు చచ్చిపోవచ్చు. కదలడానికి చోటులేని బోనులో జంతువును ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడాను.

ఎంత ఓపిక పట్టినా చువ్వలు కొరికి నోరు గాయపరచుకుంటూ, చొంగ కారుస్తూ, వణుకుతూ ఉంటే బోను మానెయ్యండి. వరండాలో ఒక మూల అడ్డుచెక్క పెట్టి పడక వేస్తే చాలు. అయితే ఉన్నట్టుండి తీరు మారి, కారణం లేకుండా మీదికి వస్తూ, మింగలేక చొంగ కారుస్తూ ఉంటే అది బోను భయం కాకపోవచ్చు. దాని నోట్లో చెయ్యి పెట్టకండి. దాన్ని విడిగా ఉంచి, వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి.

పిల్లలకు మాత్రం ఒక్క నియమం చాలు. కుక్కను బోనులోకి నెట్టడం, లోపలున్నప్పుడు చెయ్యి పెట్టడం, తినేటప్పుడు ముట్టుకోవడం వాళ్ల పని కాదు. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే టీకా వేయించి, ఆ చీటీ జాగ్రత్త చేసుకోండి. పంటిగాటు గోరంతదైనా పెద్దలకు వెంటనే చెప్పమని, చెబితే తిట్టబోమని పిల్లలకు మాట ఇవ్వండి. తిడతారన్న భయంతో పిల్లలు దాచిపెట్టే కాటు చాలా ప్రమాదకరం.