కొత్త స్పీకర్లు వేశాక బేస్ ఎటు పోయింది?

కోరుట్ల నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఉన్నదున్నట్టు ఇస్తున్నా. "అన్నా, సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్నం. మా అన్న దుబాయి నుంచి పైసలు పంపిండు. కంపెనీ స్పీకర్లు తీసేసి ముందు డోర్లల్ల కొత్తవి ఏయించిన. డబ్బా మీద 300 వాట్లని ఉంది. పాట గట్టిగనే వస్తుంది, చెవులు గుయ్యిమంటున్నయ్ గానీ డప్పు దెబ్బ మాత్రం పడ్తలేదు. షాపాయన ఆంప్లిఫయర్ పెట్టాలె, ఇంకో 15 వేలయితయ్ అంటున్నడు. పెట్టాల్నా?"

వద్దు తమ్మీ. కనీసం ఇప్పుడే వద్దు.

ఇది ఒక్క కారు కథ కాదు. జగిత్యాలలో అయినా సిరిసిల్లలో అయినా కార్ డెకార్స్ షాపులో మొదట వినిపించే ప్రశ్న "ఎన్ని వాట్లన్నా?" అనే. "ఎట్ల బిగిస్తవన్నా?" అని అడిగేవాళ్లు తక్కువ. పోయిన బేస్ దొరికేది మాత్రం ఆ రెండో ప్రశ్న దగ్గరే.

ముందు డప్పు సంగతి. డప్పు దెబ్బలో రెండు రకాల శబ్దాలుంటాయి. సిర్రతో కొడితే గుండెకు తగిలే బరువైన దెబ్బ. చిటికెన పుల్లతో కొడితే చురుక్కుమనే సన్నని చప్పుడు. తమ్ముడి కారులో చిటికెన పుల్ల బాగానే వినిపిస్తోంది, సిర్ర దెబ్బ మాయమైంది. ఎందుకు?

స్పీకర్ కోన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ముందుకొచ్చినప్పుడు ఎదుటి గాలిని నెడుతుంది. సరిగ్గా అదే క్షణంలో వెనక గాలిని లాగుతుంది. అంటే ముందు పుట్టే అల, వెనక పుట్టే అల ఒకదానికొకటి పూర్తిగా ఉల్టా. వెనక అల ఏ సందులోంచో ముందుకొచ్చి కలిసిందా, రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. సన్నని శబ్దాలకు పెద్దగా నష్టముండదు, వాటి అల పొడవు సెంటీమీటర్లలోనే ఉంటుంది. బేస్ అలా కాదు. 50 హెర్ట్జ్ శబ్దం అల పొడవు దాదాపు 7 మీటర్లు. మన చిన్న కార్లు పొడవులో 4 మీటర్లు కూడా దాటవు. అంత పెద్ద అలకు ఇంత సందు దొరికినా చాలు, చుట్టు తిరిగి వచ్చేస్తుంది.

నమ్మకపోతే ఒక పని చేయండి. స్పీకర్‌ను డోర్‌కు బిగించకముందే చేత్తో పట్టుకుని, తక్కువ వాల్యూమ్‌లో పాట పెట్టండి. రేకు డబ్బా మోగినట్టుంటుంది. ఇప్పుడు ఒక పెద్ద మందపాటి అట్టకు నడుమ స్పీకర్ సైజు రంధ్రం కోసి, దానికి ఆనించి పట్టుకోండి. అదే స్పీకర్, అదే పాట. కానీ దెబ్బ మొదలవుతుంది. అట్ట చేసింది ఒక్కటే, ముందు గాలినీ వెనక గాలినీ విడగొట్టింది.

కారు డోర్ చేయాల్సిన పనీ అదే. కంపెనీ స్పీకర్ చూడ్డానికి తేలిగ్గా, చవగ్గా ఉంటుంది నిజమే. కానీ చాలా కార్లలో దాని ప్లాస్టిక్ ఫ్రేమ్‌ను ఆ డోర్ కోసమే పోతపోస్తారు. రేకుకు గట్టిగా ఆనే అంచు, చుట్టూ ఫోమ్ అన్నీ దాంట్లోనే ఉంటాయి. మనం దాన్ని పీకేసి, ఏ కారుకైనా పట్టే గుండ్రటి 6.5 ఇంచుల స్పీకర్ తెచ్చి, మూడు స్క్రూలు కొట్టి వదిలేస్తే చుట్టూ వేలు దూరేంత సందు మిగులుతుంది. 300 వాట్ల దెబ్బ ఆ సందులోనే పోతోంది. దానికి ఆంప్లిఫయర్ తగిలిస్తే ఏమవుతుంది? చిల్లు కుండకు ఇంకో బిందె నీళ్లు.

డోర్ ప్యాడ్ విప్పే ముందు ఇంకో అనుమానం తీర్చుకోండి. వైర్లు ఉల్టా పడ్డాయేమో. ఒక డోర్‌లో ప్లస్, మైనస్ తారుమారైతే ఒక స్పీకర్ ముందుకొచ్చేటప్పుడు రెండోది వెనక్కి పోతుంది, బేస్ అక్కడే ఖతం. దీనికి షాపు అక్కర్లేదు, ఫోన్ చాలు. టోన్ జనరేటర్ యాప్‌లో 60 హెర్ట్జ్ పెట్టండి. వెనక స్పీకర్లు ఉంటే ఫేడర్‌తో శబ్దం మొత్తం ముందుకు తెచ్చేయండి. బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకు తిప్పి వినండి, తర్వాత నడిమికి తీసుకురండి. రెండు స్పీకర్లు మోగుతున్నప్పుడు బేస్ పెరగాలి. తగ్గిందా, ఒక డోర్‌లో వైరు ఉల్టా ఉన్నట్టే. ఏ డోర్ అన్నది పెన్సిల్ సెల్లు చెబుతుంది. స్పీకర్ వైర్లను స్టీరియో నుంచి విడదీసి, ప్లస్ అనుకున్న వైరుకు సెల్లు ప్లస్, రెండోదానికి మైనస్ క్షణం పాటు తాకించండి. కోన్ బయటికి తన్నితే సరిగా ఉన్నట్టు. లోపలికి పోతే ఉల్టా.

అది సరిగానే ఉంటే ఇక ప్యాడ్ విప్పాలి. స్పీకర్‌కూ రేకుకూ మధ్య గట్టి రింగు కావాలి. దీన్నే స్పేసర్ అంటారు. చాలాచోట్ల ఎండీఎఫ్ చెక్కతో కోసి ఇస్తారు. కోయడం సులువు, చవక. కానీ వాన పడ్డప్పుడు అద్దం పక్కనుంచి నీళ్లు డోర్ లోపలికి దిగుతాయి. అది లోపం కాదు, డోర్లను అలాగే తయారు చేస్తారు, అడుగున రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఆ తడికి ఎండీఎఫ్ రొట్టెలా ఉబ్బి, స్క్రూలు వదులవుతాయి. ప్లాస్టిక్ రింగు అడగండి. దొరక్కపోతే మెరైన్ ప్లైవుడ్‌కు రెండు పూతలు పెయింట్ వేయించండి. రింగుకూ రేకుకూ మధ్య ఫోమ్ టేపు, స్పీకర్ ముందంచుకూ ప్యాడ్ జాలీకీ మధ్య ఇంకో ఫోమ్ రింగు. ఇంత చేసినా ఖర్చు వందల్లోనే.

రింగు మందం తేల్చే ముందు అద్దం పూర్తిగా కిందికి దించి చూడాలి. స్పీకర్ వెనక అయస్కాంతం అద్దం దారిలో ఉంటే, మొదటిసారి అద్దం దించినప్పుడే టక్‌మంటుంది.

ఇక రేకు. సిరిసిల్లలో సాంచెల పక్కింట్లో ఉన్నవాళ్లకు దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సాంచె నడుస్తుంటే గూట్లో గిన్నె కూడా గలగలమంటుంది. డోర్ రేకుదీ అదే తీరు. బేస్ పడగానే రేకు, ప్యాడ్, లాక్ రాడ్ అన్నీ తమ పాట తాము మొదలుపెడతాయి. ప్యాడ్ మీద అరచేయి గట్టిగా అదిమితే రొద ఆగిందా? క్లిప్పు వదులు. ఐదు, పది రూపాయల క్లిప్పుకు కూడా "స్పీకర్ పోయింది" అనే పేరొస్తుంటుంది.

రేకు మీద అంటించే డ్యాంపింగ్ షీట్లలో మాత్రం చవక చూడొద్దు. తారుతో చేసినవి, బ్యూటైల్ రబ్బరువి పైకి ఒకేలా మెరుస్తాయి. జగిత్యాల ఎండల్లో 45 డిగ్రీలు చూస్తున్నాం. ఎండలో నిలిపిన కారు రేకు ఇంకా కాలుతుంది. తారు షీటు కరిగి జారుతుంది, కారంతా రోడ్డు వేసిన వాసన. బ్యూటైల్ అడగండి. డోర్ మొత్తం నింపక్కర్లేదు, స్పీకర్ వెనక బయటి రేకు మీద ఒక ముక్క, చుట్టూ లోపలి రేకు మీద కొంత. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూయొద్దు, మూస్తే రెండు వానాకాలాల్లో డోర్‌కు తుప్పు.

వాట్ల గురించి కూడా చెప్పకపోతే లెక్క తేలదు. స్టీరియో మీద "4×50 వాట్లు" అని ఉంటుంది కదా. ఇంజిన్ నడుస్తుంటే వోల్టేజి సుమారు 14.4. దాన్ని దానితోనే గుణించి, స్పీకర్ 4 ఓమ్స్‌తో భాగిస్తే 51.8. అదే ఆ 50. శబ్దం పూర్తిగా పగిలిపోయినప్పుడు వచ్చే అంకె అది. శుభ్రంగా వచ్చేది ఒక్కో స్పీకర్‌కు 15 నుంచి 20 వాట్లే. కాబట్టి డబ్బా మీద 300 చూసి మురిసిపోవద్దు. ఆర్ఎంఎస్ ఎంత, సెన్సిటివిటీ ఎంత అని చూడండి. 89 డెసిబెల్స్ స్పీకర్‌కు 20 వాట్లతో వచ్చే మోత, 92 ఉన్నదానికి 10 వాట్లతోనే వస్తుంది. ఆంప్లిఫయర్ లేనివాళ్లకు పనికొచ్చే అంకె ఇదే.

ఆంప్ అసలే వద్దని కాదు. డోర్ సరిచేశాక కూడా ఇంకా కావాలనిపిస్తే పెట్టుకోండి, బాగుంటుంది. కాకపోతే బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, డిక్కీలో ఆంప్ దగ్గర కాదు. దారిలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే, ఆ దూరమంతా ఫ్యూజు లేని వైరు మండుతుంది.

షాపులో బండి ఇచ్చేటప్పుడు ఒరిజినల్ వైరు కోయనివ్వొద్దు. మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ అడిగి, దాంతోనే కలపమనండి. రేపు కారు అమ్మేటప్పుడు పాత స్పీకర్లు తిరిగి పెట్టుకోవచ్చు, అందుకే వాటినీ ఇంటికి తెచ్చుకోండి. ఇక సైడ్ ఎయిర్‌బ్యాగులున్న కారైతే ఇంకో మాట. కొన్ని మోడళ్లలో పక్కనుంచి గుద్దినప్పుడు డోర్ లోపలి గాలి ఒత్తిడిని పసిగట్టే సెన్సర్ డోర్‌లోనే ఉంటుంది. ఆ రేకుకు కొత్త రంధ్రాలు కొట్టినా, ఉన్నవి మూసేసినా దాని లెక్క తప్పొచ్చు. మీ కారులో అది ఉందో లేదో షోరూం సర్వీసులో కనుక్కున్నాకే డ్రిల్లు ముట్టనివ్వండి. ప్యాడ్ విప్పినప్పుడు పసుపు రంగు కప్లర్ కనిపిస్తే దాన్ని పీకొద్దని షాపాయనకు ముందే చెప్పండి.