పట్టుటయే గాదు, విడుచుటయు ముఖ్యము

2025 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీ అను మువ్వురకు లభించినది. లోహపు అణువులను కర్బన సమ్మేళనములతో గూడు కట్టినట్లు కూర్చి, లోపల లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రములుండు పదార్థములను నిర్మించు మార్గమును వారు చూపిరి. వీనిలో కొన్నింటి రంధ్రముల గోడలను పరచినచో ఒక్క గ్రామునకు 7,000 చదరపు మీటర్లు, అనగా ఎకరమున్నరకు మించిన నేల యగును.

విద్యుత్కేంద్రముల పొగలోని బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, ఇవి పట్టి ఉంచగలవని వినుట సంతోషకరమే. తాల్చేరు, రాయచూరు, చంద్రపూరు, ఉత్తర చెన్నై మొదలగు తావుల, మనము నివసించు రాష్ట్రములందెల్ల బొగ్గు మండుచునే యున్నది. కాని ఈ వైశాల్యమును చూచి మురిసిపోవుట పొరపాటని మా అభిప్రాయము.

బొగ్గుపొగలో ఈ వాయువు నూటికి 12 మొదలు 15 పాళ్లు మాత్రమే. మిగిలినదానిలో అధికభాగము నత్రజని. నీటి ఆవిరియు కలదు. ప్రయోగశాలలో పొడి వాయువును చక్కగా పట్టిన పదార్థములు కొన్ని, తేమ తగిలినంతనే నీటికి చోటిచ్చి ఈ వాయువును వెలుపల నిలుపును. కొన్ని శిథిలమే యగును.

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయమున జార్జ్ షిమిజు బృందము రూపొందించిన కాల్ఫ్-20ను చూడుడు. జింకుతో కూర్చిన ఈ పదార్థమునకు గ్రాముకు సుమారు 500 చదరపు మీటర్లే. అయినను మితమైన తేమలో నీటికంటె ఈ వాయువునకే ముందుగా చోటిచ్చును. వేడి ఆవిరి సోకినచో దానిని విడిచి మరల పనికి సిద్ధమగును. ఒక సిమెంటు కర్మాగారపు పొగనుండి దినమునకు ఒక టన్ను వంతున పట్టినట్లు 2021లో ప్రకటింపబడినది.

ఖర్చంతయు ఈ విడుచుటలోనే యున్నది. అమీను ద్రావణముతో పట్టు పాత పద్ధతిలో, వాయువును వెలికితీయుటకు ద్రావణములోని నీటిని గూడ కాచవలెను. ఆ వేడిమికై మరింత బొగ్గు కాల్చినచో, ఖర్చు అందరి కరెంటు బిల్లులోను చేరును. బూడిద మాత్రము పొగగొట్టము చెంత నివసించువారికే మిగులును.

కావున ఇట్టి యంత్రములకు ప్రజాధనము వెచ్చించుటకు ముందు ప్రభుత్వములను మూడు ప్రశ్నలడుగవలెను. టన్నుకు వేడిమి ఎంత? తడిపొగలో పదార్థము ఎన్నేండ్లు నిలుచును? పట్టిన వాయువు తుదకు ఎచ్చటికి పోవును? సమాధానములు బహిరంగముగా, ఆయా చోట్ల నివసించువారి భాషలలో రావలెను. తెలుగు కుటుంబములున్న తావుల తెలుగులోను రావలెనని కోరుట మన హక్కు.