తాళంచెవి రాష్ట్రాల దగ్గరే

వాతావరణ మార్పు అనగానే అందరి చూపూ ఢిల్లీ వైపో, అంతర్జాతీయ సదస్సుల వైపో మళ్లుతుంది. కరెంటు పంపిణీ, ఆర్టీసీ బస్సులు, సాగునీరు, భవన నిర్మాణ అనుమతులు మాత్రం చాలావరకు రాష్ట్రాల చేతిలోనివే.

రుజువులు కళ్లముందే ఉన్నాయి. 2014లో హుద్‌హుద్ తుపాను దెబ్బతీశాక విశాఖ వీధిదీపాలు ఎల్ఈడీలయ్యాయి. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్లను లక్ష్యంగా పెట్టుకుంది. తెల్లటి పూత ఎండను తిప్పికొడితే ఏసీల అవసరం తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సాగు కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారం దక్కింది.

వెలితి వరి మడిలో ఉంది. నిల్వ నీటి అడుగున గాలి ఆడక, మట్టిలోని సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. మడిని మధ్యమధ్యలో ఆరబెడుతూ తడులిస్తే ఆ వాయువు బాగా తగ్గుతుంది, నీరూ మిగులుతుంది. కానీ మోటారుకు కరెంటు ఉచితం; మడి నిండుగా ఉంటే కలుపు బెడద తక్కువ. అలాంటప్పుడు రైతు నీళ్లెందుకు ఆపుతాడు?

ఉచిత కరెంటు తీసేయనక్కర్లేదు. మిగిల్చిన యూనిట్లకు రైతు ఖాతాలో నగదు వేస్తే చాలు, మోటారు దానంతటదే ఆగుతుంది.

బొగ్గు సంగతీ తేల్చాలి. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం తెలంగాణ ప్రభుత్వ సంస్థదే. ఒకచేత్తో కప్పులకు తెల్లరంగు వేస్తూ, మరోచేత్తో బొగ్గు రాజేస్తే లెక్క కుదరదు. రెండు రాష్ట్రాలూ వచ్చే బడ్జెట్ నుంచే శాఖలవారీగా ఉద్గారాల పద్దును శాసనసభ ముందుంచాలి.