పలక వంగితే పిల్లని ఆపుతామా?

మన ఇళ్లలో ఓ విచిత్రమైన లెక్క ఉంది. మగపిల్లాడు మిక్సీ విప్పి మళ్లీ బిగించలేకపోతే ‘బుర్రున్నవాడు, నేర్చుకుంటున్నాడు’ అంటాం. ఆడపిల్ల ఓ చెక్క పాడుచేస్తే మాత్రం ‘డబ్బు దండగ’! ఈ వానాకాలమంతా మద్దిలపాలెంలో మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆ లెక్కే నాకు అప్పజెప్పారు.

కారణం మా అమ్మాయి. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. ఎలక్ట్రిక్ గిటార్ కావాలంది. కొనడం కాదండీ, చేస్తానంది! కర్రల డిపోలో రెండు పలకలు కొని, అంచులు కలిపి ఫెవికాల్‌తో అతికించి బాల్కనీలో పెట్టింది. మూడు వారాలకి పలక అంచులు లేచి పళ్లెంలా అయింది. గిటార్ మెడ కోసం కోసిన కర్రది ఇంకా అన్యాయం. తడిబట్ట పిండినట్టు మెలితిరిగిపోయింది. ‘‘ఓ గిటార్ కొనిచ్చీండి, గొడవొదిలిపోద్ది’’ అన్నారొకరు. ‘‘పెళ్లీడు పిల్ల చేతిలో ఉలేటమ్మా?’’ అని ఇంకొకరు. ఆ రాత్రి పిల్ల అన్నం తినలేదు. పనిముట్లన్నీ మంచం కిందకి తోసేసింది.

చెక్క ఎందుకు వంగుతుందో మనకి తెలియనిదా? శ్రావణంలో తలుపు బిగుసుకుపోతే భుజం పెట్టి నెట్టేది మనమేగా! చెక్క గాలిలో చెమ్మని పీలుస్తుంది, వదులుతుంది. పీల్చినప్పుడు ఉబ్బుతుంది, వదిలినప్పుడు కుంచించుకుపోతుంది. చెట్టు మొదలు అడ్డంగా కోస్తే కనిపించే వలయాలున్నాయే, ఆ వలయాల వెంబడి కుంచించుకుపోవడం దాదాపు రెట్టింపు ఉంటుంది. అందుకే పలక ఒక పక్కకి తిరుగుతుంది. మనదా సముద్రం పక్కన ఊరు. పచ్చి కర్ర తెచ్చి గోడకి ఆనించి, ఒక పక్కే గాలి తగలనిస్తే వంగక ఏం చేస్తుంది? అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలని పాత లెక్క.

మన బొబ్బిలి వీణే చూడండి. పక్కనున్న గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. కాయ నుంచి దండి దాకా ఒకే మానులోంచి తీస్తే అది ఏకాండి వీణ. దాని మెట్లు మైనం మీద కూర్చుంటాయి. స్వరం తేడా వస్తే మైనం తీసేసి మళ్లీ మేళం కట్టుకోవచ్చు. అంటే చెక్క కాస్త కదులుతుందని ముందే ఒప్పుకున్న వాద్యం అన్నమాట. గిటార్‌కి ఆ వెసులుబాటు లేదు. లోహపు మెట్లు కర్రలో గాళ్లు కోసి దిగ్గొడతారు. పైగా ఆరు తీగలూ కలిపి సుమారు 45 కిలోల బరువుతో మెడని లాగుతుంటాయి. అందుకే మెడ లోపల ఉక్కు కడ్డీ పెడతారు. గిబ్సన్ కంపెనీలో థాడియస్ మెక్‌హ్యూ అనే ఆయన 1920లలోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. కర్ర వంగడం కొత్త సంగతైతే ఆ కడ్డీ పుట్టేదే కాదు.

వారం తర్వాత పిల్ల తనంతట తానే లేచింది. వంగిన పలకని పారేయలేదు. సన్నటి బద్దలుగా కోసి, ఒకటి విడిచి ఒకటి తిరగేసి మళ్లీ అతికించింది. వలయాల వంపు ఒకదానిది ఇటు, పక్కదానిది అటు తిరిగి ఒకదాన్నొకటి ఆపుకుంటాయిట. తర్వాత చిత్రిక పట్టింది. మందం కొంత పోయింది, పోనీండి. మెడకి మాత్రం మా అత్తగారు తన పాత టేకు మంచం పట్టె ఇచ్చారు. ‘‘యాభయ్యేళ్లు వంగందే, ఇప్పుడేం వంగుద్ది’’ అన్నారు. ఈ ఇంట్లో పిల్లకి తోడు నిలబడింది ముందు ఆవిడే, చెప్పొద్దూ!

ఆవిడకి తెలియకపోవచ్చు గానీ, ఇంగ్లండులో బ్రయాన్ మే అనే కుర్రాడు 1963లో తండ్రితో కలిసి గిటార్ మొదలెట్టి, మెడని వందేళ్లు దాటిన చలిపొయ్యి గూటి కర్రతో చెక్కాడు. పురుగు తొలిచిన కన్నాలని అగ్గిపుల్లలతో పూడ్చాడు. రెండేళ్లు పట్టింది. క్వీన్ బృందంలో వాయించింది ఆ గిటారే. చదువు చెడుతుందని బెంగపడేవాళ్లకి ఇంకోమాట... ఆయన 2007లో ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ కూడా తీసుకున్నాడు.

‘ఆయన మగాడు కదా’ అంటారేమో. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలోని కలమజూలో, గిబ్సన్ ఫ్యాక్టరీలో గిటార్లు చేసింది ఎక్కువగా ఆడవాళ్లే. మగవాళ్లు యుద్ధానికి పోతే వీళ్లు బల్లల ముందు కూర్చున్నారు. ఆ గిటార్లని ఇప్పటికీ వెతికి మరీ కొనుక్కుంటారు. ఆ చేతుల పేర్లు మాత్రం చాలాకాలం ఎవరూ చెప్పలేదు.

నా కోపం వేరే ఉంది. పిల్లలు ఇంజనీరింగ్ మొదటి ఏడు వర్క్‌షాపులో వడ్రంగం నేర్చుకుంటారు. సిద్ధం చేసిన ముక్కలిస్తారు, ఓ అతుకు కోసి మార్కులు వేయించుకుని వచ్చేస్తారు. చెక్క వంగేదాకా దాని దగ్గర ఉండే టైమే లేదు! ఇంట్లోనూ అంతే. కూర మాడకూడదు, గిన్నె పగలకూడదు, మార్కు తగ్గకూడదు అని పెంచిన పిల్లకి మొదటిసారి ఏదైనా చెడితే అన్నం మానేయడమే తెలుస్తుంది. బద్దలు తిరగేసి అతికించొచ్చని ఎలా తెలుస్తుంది? నాలుగు వేలు అయింది ఇప్పటిదాకా. ట్యూషన్‌కి అంతకన్నా ఎక్కువే పోశాం, ఎవరూ దండగనలేదే!

గిటార్ ఇంకా పూర్తవలేదు. వానలు తగ్గాక మెట్లు దిగ్గొడతానంటోంది. అప్పటిదాకా పలకకి రెండు పక్కలా గాలి ఆడేలా కింద బద్దలు పెట్టి, పడగ్గదిలోకి మార్చింది. చిత్రిక మాత్రం మా వీధి మేస్త్రి దగ్గర అరువే. పుట్టినరోజుకి డ్రెస్సు వద్దు, చిత్రిక కొనమంది. ‘‘డ్రెస్సు కూడా కొందాంలే’’ అన్నారు మా వారు. సరే, కొనండి గానీ ముందు చిత్రిక అన్నాను నేను.